సికింద్రాబాద్‌లో వృద్ధుల సమన్వయ వైద్యం

నాలుగైదు జబ్బులున్న పెద్దవయసు రోగికి డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు, ఫార్మసిస్టు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఒకరు చేసేది ఒకరికి తెలిసేలా అందించే సేవను సమన్వయ వైద్యం అంటారు. సికింద్రాబాద్‌లో ఇది వృద్ధుల వైద్యశాఖ ద్వారా రాలేదు. పెన్షన్ దారిలో వచ్చింది. రైల్వే, సైన్యం, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు ఈ ఊళ్ళో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. వాళ్ళ వైద్యం బాధ్యత పాత యజమాని మీదే ఉండటంతో ఒకే గుమ్మం, ఒకే ఫైలు అనే పద్ధతి ఇక్కడ ముందే ఏర్పడింది.

తొలి రోజులు

1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరు ఇది. ఇక్కడి వైద్యచరిత్ర అనగానే 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన సంగతే చెబుతారు. ఆ చరిత్రలో వృద్ధుల ఊసు లేదు. అప్పటి ఆసుపత్రులకు సిపాయిల జ్వరాలు, కలరా, కాన్పులతోనే సరిపోయేది. అరవై దాటినవాళ్ళు ఊళ్ళో తక్కువ, ఉన్నా వాళ్ళ నీరసాన్ని జబ్బుగా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉంది.

ఆసరా లేని ముసలివాళ్ళను మొదట అక్కున చేర్చుకున్నది మఠాలు. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ మొదలుపెట్టిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంఘం 1882లో కలకత్తాకు వచ్చింది. ఆ తరవాత సికింద్రాబాద్‌లోనూ వృద్ధాశ్రమం నెలకొల్పింది. ఇలాంటి ఆశ్రమాల్లో తిండి, స్నానం, మందు, మాట ఒకే చేతి మీదుగా అందుతాయి. ఇప్పుడు నిపుణులు సమన్వయం అని పిలిచేదాన్ని అక్కడివాళ్ళు సేవ అన్నారు, అంతే తేడా.

ఇంకో దారి గుంటూరు నుంచి వచ్చింది. మెల్‌బోర్న్‌లో వైద్యం చదివిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు చేరి, సన్యాసిని అయ్యాక కూడా పోప్ అనుమతితో డాక్టరుగానే కొనసాగారు. ఊరికి ఒక డాక్టరు దొరకడమే గగనమైన కాలమది. అందుకే ఆమె స్థానిక స్త్రీలకు నర్సింగ్, మందులు కలిపే పని నేర్పించారు. 1943లో ఆమె చొరవతో మొదలైన సంఘమే నేటి కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాద్‌లోనే ఉంది. డాక్టరు ఒక్కడే వైద్యం కాదన్న ఆలోచన ఇక్కడికి విదేశీ పుస్తకాల్లోంచి రాలేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పెన్షనర్ల ఊరు

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. గార్డులు, డ్రైవర్లు, ఫిట్టర్లు, గుమాస్తాలు రిటైరయ్యాక మెట్టుగూడ, మల్కాజిగిరి, లాలాగూడ చుట్టుపక్కలే ఇళ్ళు కట్టుకున్నారు. లాలాగూడలోని రైల్వే కేంద్ర ఆసుపత్రి వాళ్ళకు రెండో ఆఫీసు లాంటిది. రిటైరయ్యేటప్పుడు చివరి నెల మూలవేతనమంత సొమ్ము ఒక్కసారి కడితే భార్యాభర్తలిద్దరికీ బతికినంత కాలం వైద్యం అందే పథకం 1997 నుంచి స్థిరపడింది. ఓపీ వరసలో పక్కపక్కన నిలబడేవాళ్ళు పాత సహోద్యోగులు. ఏ మాత్ర ఎందుకో సగం సంగతులు డాక్టరు గది చేరకముందే వాళ్ళ మధ్య తేలిపోతాయి. అది ఎప్పుడూ మంచిదే అని చెప్పలేం.

కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, జనం నోట సీజీహెచ్ఎస్, 1976లో జంటనగరాలకు వచ్చింది. మాజీ సైనికుల పథకం ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. సైనిక్‌పురి, తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం వైపు స్థిరపడ్డ రిటైర్డ్ జవాన్లకు, వాళ్ళ భార్యలకు మామూలుగా పాలీక్లినిక్కే మొదటి మెట్టు. అక్కడి డాక్టరు చూసి, అవసరమైతే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికి రిఫరల్ రాస్తాడు. బయట రాసిన మందులు మళ్ళీ పాలీక్లినిక్‌లోనే తీసుకోవాలి. రిఫరల్ కోసం మళ్ళీ రమ్మంటే పెద్దవాళ్ళు విసుక్కుంటారు. కానీ ఆ తిరుగుడు వల్లనే ఎవరో ఒకరు అన్ని చీటీలనూ ఒకచోట చూస్తారు.

ఆ చూపు ఎందుకు ముఖ్యమో ఒక మామూలు క్రమం చెబుతుంది. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపును మరో డాక్టరు కొత్త జబ్బు అనుకుని ఒంట్లో నీరు తీసే మాత్ర రాస్తాడు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవాలి. చీకట్లో, తడి బాత్రూములో కాలు జారుతుంది, తుంటి ఎముక విరుగుతుంది. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు ఈలోగా బీపీని పెంచుతూ, కిడ్నీలను దెబ్బతీస్తూ ఉంటాయి. విడివిడిగా చూస్తే ప్రతి చీటీకీ ఒక కారణం ఉంటుంది. మందుల సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించి చూసినవాడికే తప్పు కనిపిస్తుంది.

నిపుణులు, శిక్షణ

ఈ చూపును వైద్యవిద్యగా మలిచిన ఘనత ఇంగ్లండులోని మార్జరీ వారెన్‌ది. 1935లో ఒక అనాథశాల ఆసుపత్రిలో మంచాలకు అంటుకుపోయిన ముసలివాళ్ళను ఒక్కొక్కరినే పరీక్షించి, చాలామంది లేచి నడవగలరని ఆమె చూపించారు. మన దక్షిణాదిలో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధుల ఓపీ ప్రారంభించారు. హైదరాబాద్‌లో 1990లలో కె.ఆర్. గంగాధరన్ హెరిటేజ్ ఆసుపత్రితో వృద్ధుల వైద్యాన్నే ప్రధానంగా పెట్టుకున్నారు. తరవాత అంతర్జాతీయ వృద్ధాప్య సమాఖ్యకు అధ్యక్షులయ్యారు.

ప్రభుత్వపరంగా 2010–11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండుసార్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి వృద్ధుల క్లినిక్ అన్నది దాని నమూనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వెలువరించిన మార్గదర్శకాలు నడక, పోషణ, చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి, మనసు అనే ఆరింటినీ మామూలు ఆరోగ్య కార్యకర్తే పరీక్షించేలా రూపొందాయి. 2019 నుంచి అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వృద్ధుల వైద్యం జనరల్ మెడిసిన్‌లో ఒక అంశంగా చేరింది.

పాఠంలో చేరినంత సులువుగా అది వార్డులోకి రాలేదు. 1851 నుంచి చరిత్ర ఉన్న గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్న స్థలానికి మారింది. ఇలాంటి పెద్దాసుపత్రి ఏదైనా జబ్బుల వారీగానే విడిపోయి ఉంటుంది: గుండెకు ఒక ఓపీ, కిడ్నీకి ఒకటి, ఎముకలకు ఇంకొకటి. తాత చేతిలో మూడు చీటీలు పడతాయి. వందలమంది వరసలో ఉన్న ఓపీలో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా దొరకని డాక్టరుకి ఆసక్తి లేదనడం అన్యాయం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా చికిత్సల వారీ ప్యాకేజీలతో నడుస్తుంది. స్టెంటు వేస్తే డబ్బు వస్తుంది. అక్కర్లేని నాలుగు మందులు ఆపించినందుకు రాదు.

ఇంటి దాకా

డిశ్చార్జి అయిన రోజు నుంచి అసలు పని కోడలిదో, కూతురిదో, బ్యూరో పంపిన ఆయాదో అవుతుంది. పిల్లలు అమెరికాలో ఉంటే మారేడ్‌పల్లి, పద్మారావునగర్ ఫ్లాట్లలో వాచ్‌మన్ భార్యే మాత్రలు అందిస్తుంది. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదివి తెలుగులోనో, దక్కనీ ఉర్దూలోనో విడమర్చే నర్సు వార్డు వదిలి ఇంటికి రాదు. ఈ ఖాళీని పూరించే ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే పుట్టింది. 2017లో టాటా ట్రస్టులు విజయవాహిని ఫౌండేషన్‌తో కలిసి వృద్ధుల సహాయానికి మొదలుపెట్టిన పని, 2021లో 14567 నంబరుతో దేశమంతా ఎల్డర్ లైన్‌గా విస్తరించింది. తెలంగాణ ప్రభుత్వ ఉపశమన వైద్య కార్యక్రమం ‘ఆలన’లో నర్సులు మంచాన పడినవాళ్ళ ఇళ్ళకే వెళ్తారు, పుండు కడుగుతారు, నొప్పి మందు సరిచూస్తారు, పక్క మార్చడం ఇంట్లోవాళ్ళకు నేర్పుతారు.