కోళ్ళ ఊపిరితిత్తులపై భారలోహాల ప్రభావం

సీసం, కాడ్మియం, పాదరసం వంటి భారలోహాలు దాణా, నీరు, ధూళి ద్వారా కోళ్ళ శరీరంలో చేరి ఊపిరితిత్తులకు హాని కలిగిస్తాయి. ఆర్సెనిక్ అర్ధలోహమైనా విషప్రభావం రీత్యా దీనినీ వీటితో కలిపి చెబుతారు.

శ్వాసవ్యవస్థ

కోళ్ళ ఊపిరితిత్తులు మన ఊపిరితిత్తుల వలె వ్యాకోచించవు. 9 గాలితిత్తులు వాటి గుండా గాలిని ఒకే దిశలో పంపుతాయి. గాలికి, రక్తానికి నడుమ ఉండే పొర క్షీరదాలలో కంటే పలుచన. అందువలన ఆక్సిజన్ బాగా అందుతుంది. గాలిలోని విషపదార్థాల ప్రభావమూ త్వరగా కలుగుతుంది.

ప్రభావాలు

ఈ లోహాలు ప్రోటీన్లలోని గంధక సమూహాలకు అంటుకొని, కణాలను రక్షించే గ్లూటాథయోన్‌ను తగ్గిస్తాయి. ఫలితంగా కణజాలం దెబ్బతిని వాపు, రక్తస్రావం ఏర్పడవచ్చు. ఎదుగుదల, గుడ్ల ఉత్పత్తి తగ్గుతాయి. ఆయాసం అంటువ్యాధులలోనూ కనిపిస్తుంది కనుక ప్రయోగశాల పరీక్షతోనే కారణం నిర్ధారణ అవుతుంది.

హైదరాబాదు పరిసరాలు

మేడ్చల్ మల్కాజ్‌గిరి, దాని పొరుగున ఉన్న సంగారెడ్డి జిల్లాలలో కోళ్ళఫారాలు, పరిశ్రమలు రెండూ ఉన్నాయి. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీరా నదిలో కలిసేవి. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఇటువంటి చోట్ల కోళ్ళకు బోరునీరు పట్టే ముందు పరీక్ష చేయించడం అవసరం.

నివారణ

దాణాలో కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్‌లో కాడ్మియం, సీసం మలినాలుగా ఉండవచ్చు, దీనినీ పరీక్షించాలి. సెలీనియం, విటమిన్ ఇ ఈ హానిని కొంత తగ్గిస్తాయని ప్రయోగాలలో తేలింది. అయితే సెలీనియం మోతాదు మించితే అదే విషమవుతుంది. అమెరికాలో ఆర్సెనిక్ గల రోక్సార్సోన్ అనే దాణా మందు అమ్మకం 2011లో నిలిచిపోయింది. కోడి కాలేయం, మూత్రపిండాలలో పేరుకున్న లోహాలు తినేవారికీ చేరుతాయి.