కళాయి లేని ఏరు

మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెలో పులుసు కాచేది కాదు. కాచక తప్పకపోతే ముందు కళాయి పూయించేది. కళాయి పోయిన గిన్నెలో పులుపు పడితే కిలుమెక్కుతుందనీ, అది ఒంట్లోకి పోతే విషమనీ ఆమెకు ఎవరూ చదువు చెప్పలేదు. జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి రేకు పనికి కాకతీయుల కాలం నుంచీ పేరుంది. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఆ లోహంతో రోజూ మెలిగిన ఆడవాళ్ల ఎరుక మాత్రం చరిత్రలోకి రాలేదు, వంటింటి సంగతిగానే మిగిలిపోయింది.

నదుల్లో భారలోహాల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నాకు ఆ గిన్నే గుర్తొచ్చింది. సీసం, కాడ్మియం వంటివి నీటిలో ఎక్కువకాలం తేలవు. సన్నటి బంకమట్టిని అంటుకుని అడుగుకు చేరతాయి. పైన నీరు తేటగానే ఉంటుంది. ఆ నీటికి ఆమ్లగుణం పెరిగితే ఒండ్రులోని లోహం మళ్లీ కరిగి పైకి వస్తుంది. గిన్నెలో చింతపండు చేసే పనే ఇది.

దీనికి స్త్రీల శరీరాలే సాక్ష్యం చెప్పిన చరిత్ర జపాన్‌లో ఉంది. తొయామా ప్రాంతపు జింజు నదికి ఎగువన కమియోకా జింకు గని ఉండేది. అక్కడి కాడ్మియం నదిలోంచి వరిమళ్లకు, అన్నంలోంచి ఎముకలకు చేరింది. ఎముకలు మెత్తబడి దగ్గినా విరిగేవి. 'ఇతాయి ఇతాయి', అంటే 'నొప్పి, నొప్పి' అన్న మూలుగే జబ్బు పేరయింది. బాధితుల్లో ఎక్కువమంది అనేక కాన్పులై, ముట్లుడిగిన స్త్రీలు. తిండి చాలకనీ, చాకిరీ ఎక్కువైయనీ మొదట సరిపెట్టారు. 1968లో గానీ ప్రభుత్వం దాన్ని కాలుష్యపు జబ్బుగా ఒప్పుకోలేదు. 1971లో బాధితులు కోర్టులో గెలిచారు.

స్త్రీలే ఎందుకు? ఒంట్లో ఇనుము తగ్గితే పేగులు కాడ్మియాన్ని మరింతగా పీల్చుకుంటాయి. ఎముకల్లో చేరిన సీసం కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ కాల్షియంతో పాటు రక్తంలోకి వచ్చి బిడ్డకు అందుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. నీటికి పెట్టిన ప్రమాణం అందరికీ ఒకటే. శరీరాలు ఒకటి కావు.

మన దగ్గర పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు నీటిలోనూ అడుగు మట్టిలోనూ ఆర్సెనిక్ చేరింది. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రైతులకు నష్టపరిహారం ఎకరాల లెక్కన కట్టారు. పట్టా లేని ఆడమనిషి ఒళ్లు ఏ ఎకరంలోకి వస్తుంది?

నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. ఆ గోదావరే దిగువన భూపాలపల్లి జిల్లాను ఒరుసుకుని పోతుంది. అక్కడ సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో 2010 నుంచీ థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కాలినా అందులోని లోహాల్లో చాలావరకు బూడిదలో చిక్కబడి మిగులుతాయి. ఇటు మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు, మున్నేరు వరికి నీళ్లిచ్చి కృష్ణ వైపు సాగుతాయి. ఇవి జింజు నదులయ్యాయని నేననడం లేదు. అయ్యాయో లేదో తేల్చేటప్పుడు ఎవరిని అడుగుతారన్నదే నా ప్రశ్న. సీసాలో నీళ్లు పట్టుకెళితే సగమే తెలుస్తుంది. మోకాటి లోతు బురదలో నాట్లు వేసేది ఆడవాళ్లు. అడుగు మట్టినీ, వాళ్ల రక్తాన్నీ కూడా చూడాలి.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' సాయుధ పోరాటంలోని స్త్రీల మాటను చరిత్రకు ఆధారంగా నిలబెట్టింది. కీళ్లనొప్పులనీ, నీరసమనీ, వయసనీ కొట్టిపారేస్తున్న బాధను కూడా ఆధారంగా వినడం మన తర్వాతి పని. గిన్నెకు కళాయి పోయిందని ముందు కనిపెట్టేది దాన్ని తోమే మనిషే కదా.