రక్తపు బొట్టులో మలేరియా క్రిమి

చలితో వణకించి, వేడితో కాల్చి, చెమట పట్టించి విడిచిపోవు జ్వరమును మన పెద్దలు చలిజ్వరమనిరి. దినము విడిచి దినము వచ్చుదానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చాతుర్థికమనియు ఆయుర్వేదము వేరుపరచినది. జ్వరము వచ్చిన రోజులను లెక్కించుటయే నాటి పరీక్ష. కాని అన్ని జ్వరములు లెక్క తప్పక రావు. రోగి రక్తములో నున్న క్రిమిని చూచినగాని వైద్యునకు నిశ్చయము కలుగదు.

అట్లు మొదట చూచినవాడు ఫ్రెంచి సైనికవైద్యుడు ఆల్ఫోన్స్ లావెరాన్. 1880 నవంబరు 6 న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణమున ఆయన ఒక సైనికుని రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, కొరడాలవంటి తోకలతో కదలాడు జీవిని కనుగొనెను. మలేరియాకు బాక్టీరియా కారణమని తలచుచున్న పలువురు వైద్యులు మొదట దీనిని నమ్మలేదు. 1885-86 సంవత్సరములలో ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ, తృతీయక చాతుర్థిక జ్వరములకు వేర్వేరు క్రిములు కారణమనియు, అవి ఎర్రకణములను చీల్చుకొని ఒక్కుమ్మడిగా వెలువడునప్పుడు జ్వరము వచ్చుననియు చూపెను. పెద్దలు వేసిన లెక్కలోని మర్మము ఇట్లు తెలిసినది.

రంగులేని క్రిమిని పోల్చుట కష్టము. 1891 లో రష్యా వైద్యుడు రొమనోవ్‌స్కీ మిథిలీన్ బ్లూ, ఇయోసిన్ అను రెండు రంగులను కలిపి వాడెను. క్రిమి దేహము నీలముగను, కేంద్రకము ఎరుపుగను కనబడెను. 1904 లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు గీమ్సా ఈ రంగును నిలువయుండునట్లు మెరుగుపరచెను. ప్రయోగశాలలలో నేటికిని దానినే వాడుచున్నారు.

గాజుపలకపై రక్తమును పలుచగా పూసినచో ఎర్రకణములు చెదరక ఒకే పొరగా నిలుచును. అప్పుడు క్రిమి జాతి తెలియును. వైవాక్స్ జాతి చొచ్చిన కణము ఉబ్బును. ఫాల్సిపారం లింగకణము నెలవంకవలె నుండును. మలేరియే జాతి క్రిమి కణమునకు అడ్డముగా పట్టీవలె సాగును. కాని క్రిములు కొద్దిగా నున్నప్పుడు పలుచని పూతలో దొరకవు. 1897 లో సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్, 1903 లో మందపు పూత పద్ధతిని ప్రకటించెను. ఇందు ఎక్కువ రక్తమును కొద్దిచోట పూసి, ఆరిన పిదప నీటితో ఎర్రకణములను కరిగింతురు. క్రిమి త్వరగా దొరకును. కాని కణముతోపాటు జాతి గుర్తులు కొన్ని పోవును. అందుచే రెండు పూతలును కావలసియున్నవి.

జాతి తెలియుట ఏల? ఫాల్సిపారం కొలది దినములలో ప్రాణము తీయగలదు. వైవాక్స్ కాలేయములో దాగి, నెలల పిమ్మట మరల జ్వరము తెచ్చును; దాగినదానిని చంపుటకు వేరు మందు ఈయవలెను.

సూక్ష్మదర్శినియు, దానిని చూడనేర్చినవారును లేని పల్లెలకు 1990 తరువాత పట్టీ పరీక్ష వచ్చినది. క్రిమి విడుచు మాంసకృత్తు రక్తమున నున్నచో సుమారు పావుగంటలో పట్టీపై గీత తేలును. కాని 2010 లో ఒక చిక్కు బయటపడెను. ఫాల్సిపారమును పట్టు పట్టీలలో పెక్కు వెదకు మాంసకృత్తును తయారుచేయు జన్యువే లేని క్రిములు పెరూ దేశమున కనబడెను. ఆ పట్టీలకు అవి చిక్కవు.

1993 నాటికి క్రిమి జన్యుపదార్థమును పెక్కురెట్లు పెంచి జాతిని తేల్చు పి.సి.ఆర్. పద్ధతి మలేరియాకు అమరినది. దాని విలువ మలేసియాలోని సారవాక్ రాష్ట్రమున తెలిసినది. కపిత్ ప్రాంతమున 208 మంది రోగుల రక్తమును ఈ విధముగా పరీక్షింపగా, 120 మందిలో కోతుల మలేరియాగా ఎరిగిన నోలెసి జాతి బయటపడినట్లు 2004 లో ప్రకటించిరి. సూక్ష్మదర్శినిలో ఇది మలేరియే జాతిని పోలియుండుటచే పరీక్షకులు పొరబడిరి. మలేరియే 72 గంటలకొకసారి పెరుగును, సాధారణముగా ప్రాణము తీయదు. నోలెసి 24 గంటలకే పెరిగి ప్రాణము మీదికి తెచ్చును. మలేరియే అని నిర్ణయింపబడిన నలుగురు మృతుల రక్తమున నోలెసి ఉన్నట్లు 2008 లో తేలినది.

అయినను పి.సి.ఆర్. పాతవానిని త్రోసివేయలేదు. దానికి ఖరీదైన యంత్రమును, గంటల కాలమును కావలెను. జ్వరపడిన బిడ్డ అంతవరకు ఆగలేదు. పల్లెలో పట్టీ, ఆసుపత్రిలో క్రిములను లెక్కించుటకు గీమ్సా పూత, సందేహము తీర్చుటకు జన్యుపరీక్ష — ఒకదాని లోపమును మరియొకటి పూరించుచున్నవి.