పొత్తు మెమరీపై ఆటలు

కంప్యూటరుపై ఆటలాడగోరువాడు మదర్‌బోర్డునందో ప్రాసెసరునందో ఇమిడియున్న గ్రాఫిక్సుతో సరిపెట్టుకొనవచ్చునా, లేక ప్రత్యేకముగా గ్రాఫిక్సు కార్డు కొనవలసినదేనా యను ప్రశ్నకు గడచిన పాతికేండ్లలో లభించిన సమాధానములు ఒకదానితో నొకటి పొసగవు. ఆ చరిత్రను మొదటినుండి పరిశీలించినకొలదిని, ఆన్‌బోర్డు గ్రాఫిక్సుకు చిరకాలము అంటియుండిన అపకీర్తికి మూలము దానికి మెమరీ వేగము చాలకుండుటయే యని నాకు దృఢముగా తోచుచున్నది.

1981లో ఐబీఎమ్ సంస్థ పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు తెరపై అక్షరములను, బొమ్మలను చూపుట ప్రత్యేకమైన కార్డుల పనిగా నుండెను. 1987లో అదే సంస్థ తన పీఎస్/2 శ్రేణిలోని పై తరగతి యంత్రములలో వీజీఏ అను గ్రాఫిక్సు వ్యవస్థను మదర్‌బోర్డుపైననే అమర్చి, దానికి 256 కిలోబైట్ల సొంత మెమరీని సమకూర్చెను. బోర్డులో కలిసిపోయినదన్న కారణమున దానిని చులకనగా చూడవలసిన అవసరము నాడు లేకుండెను. ఏలయన, ఆటలోని దృశ్యమును లెక్కగట్టి చిత్రించు భారమంతయు ప్రాసెసరు మోయుచుండగా, వీజీఏ చేయవలసినది సిద్ధమైన చిత్రమును తెరకెక్కించుట మాత్రమే. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన డూమ్ ఆట ఆ విధముగనే నడచెను. 1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ వూడూ చిప్పులను తెచ్చి, వానికి 4 మెగాబైట్ల మెమరీ చేర్చి, త్రిమితీయ చిత్రణమును ప్రాసెసరు చేతినుండి తప్పించెను. సాధారణమైన తెరపనికి వేరొక కార్డు తప్పనిసరియైనను, ఆ వూడూపై క్వేక్ ఆటను చూచినవారికి పాత చిత్రములు మరల రుచింపలేదు. అప్పటినుండియే ఆటగాని కంప్యూటరును ఆఫీసు కంప్యూటరును వేరుదారులు పట్టినవి.

ఇంటెల్ సంస్థ 1998లో ఇంటెల్740 అను చిప్పును ప్రవేశపెట్టి, ఆటలోని గోడలకు, నేలకు అద్దవలసిన చిత్రములను కంప్యూటరు ప్రధాన మెమరీలోనే ఉంచి ఏజీపీ అను గ్రాఫిక్సు కార్డుల మార్గమున తెప్పించుకొనవచ్చునని తలచెను. విపణిలో ఆ చిప్పు నిలువలేదు గాని, ప్రధాన మెమరీని వాడుకొను ఆలోచన మాత్రము నిలిచినది. 1999లో వచ్చిన 810 చిప్‌సెట్ గ్రాఫిక్సును తనలో ఇముడ్చుకొని కంప్యూటరు వెలను తగ్గించెను; అయితే అందు ఏజీపీ స్లాటుకే తావు లేదు. చౌకయని కొన్నవాడు తరువాత మంచి కార్డు తగిలింపదలచినచో దారి మూసికొనిపోయి యుండెడిది. ఆ లోపము మరుసటి యేడు 815తో తీరెను.

ఒకే కాలువపై ఆధారపడిన రెండు ఆయకట్టులలో చివరి భూములకు నీరందనట్లు, ప్రాసెసరుతో మెమరీని పంచుకొనిన గ్రాఫిక్సు నిరంతరము అలమటించినది. 2005 నాటి 945జీ చిప్‌సెట్‌లోని జీఎమ్ఏ 950కు రెండు స్టిక్కుల డీడీఆర్2 ర్యామ్ నుండి సెకనుకు గరిష్ఠముగా లభించు 10.6 గిగాబైట్ల ప్రవాహములో ప్రాసెసరుకు వాటా పోగా మిగిలినదే గతి. 2006లో వచ్చిన ఎన్విడియా 8800 జీటీఎక్స్ కార్డుకు సెకనుకు 86.4 గిగాబైట్లును సొంతమే. ఇదిగాక, దృశ్యములోని బిందువుల స్థానములను గణించు పనిని సైతము జీఎమ్ఏ 950 ప్రాసెసరు నెత్తిననే పెట్టెను.

అయినను ఆడుట ఆగినదా? సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు కొని అసెంబుల్ చేయించుకొనిన ఇంజనీరింగు విద్యార్థులు, కార్డునకు సొమ్ము చాలక, ఆన్‌బోర్డుపైననే కౌంటర్ స్ట్రైక్ 1.6ను, వైస్ సిటీని తెల్లవారుదాక ఆడిరి. కౌంటర్ స్ట్రైక్‌లో త్రిమితీయ చిప్పు సాయము లేకయే ప్రాసెసరుతో చిత్రించు ఏర్పాటు సైతము ఉండెను. కార్డుల వంశావళిని వ్రాయువారు ఇట్టి ఆటగాండ్రను విస్మరించుట నాకు మిక్కిలి కష్టము కలిగించును. పాత ఆటలు కొన్ని అంతకాలము సజీవముగా నుండుటకు వీరును కారకులు.

మెమరీ దారిని వెడల్పు చేసినప్పుడెల్ల ఫలితము వేరుగా నుండినదనుటకు నిదర్శనములు కొల్లలు. 2001లో ఎన్విడియా తన ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్‌లో జీఫోర్స్2 ఎమ్ఎక్స్‌ను ఇమిడ్చి, దానికై మెమరీని రెండు మార్గములుగా నడపెను. 2006లో ఏటీఐని కొనిన ఏఎమ్‌డీ, 2011లో లానో పేర గ్రాఫిక్సును ప్రాసెసరును ఒకే సిలికాన్ ముక్కపై చేర్చెను. అదే యేట ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌తో ఆ పనియే చేసెను. 2013లో ఇంటెల్ ఐరిస్ ప్రోకు 128 మెగాబైట్ల వేగమైన మెమరీని తోడిచ్చెను. అన్నిటికంటె బలమైన సాక్ష్యము అదే సంవత్సరపు ప్లేస్టేషన్ 4. దానిలోనిది ఏఎమ్‌డీ చేసిన ఇమిడియున్న గ్రాఫిక్సే, ప్రాసెసరుతో పంచుకొనినది పొత్తు మెమరీయే. కాని ఆ మెమరీ సెకనుకు 176 గిగాబైట్లను అందించు జీడీడీఆర్5. నాటి కంప్యూటరులో డీడీఆర్3-1600 స్టిక్కులు రెండు పెట్టినను వచ్చునది 25.6 మాత్రమే. ఇమిడియుండుటయే దోషమన్న వాదము ఇచ్చట వీగిపోయినదని నా నమ్మకము.

2018 ఫిబ్రవరిలో గ్రాఫిక్సు ఇమిడియున్న ఏఎమ్‌డీ ప్రాసెసరులు రైజెన్ 2200జీ 99 డాలర్లకు, 2400జీ 169 డాలర్లకు వచ్చుసరికి, క్రిప్టోనాణెముల త్రవ్వకము వలన గ్రాఫిక్సు కార్డుల ధరలు మింటికెగసి యుండెను. ఆ తరుణమున ఈ రెండును అనేకులకు ఆపద్బంధువులయ్యెను. ఒక్క స్టిక్కు ర్యామ్‌తో కొనినవాడు మాత్రము మెమరీ వేగములో సగమును చేజేతుల పోగొట్టుకొనెను. నేటికిని దుకాణములో తొలుత అడుగవలసినది రెండు స్టిక్కులనే. 2022లో వాల్వ్ సంస్థ వెలువరించిన స్టీమ్ డెక్ అను చేతి ఆటయంత్రము, తెరను 1280 x 800 పిక్సెళ్లకు పరిమితము చేసి, సెకనుకు 88 గిగాబైట్ల మెమరీతో పెద్ద పెద్ద ఆటలను అరచేతులలో ఆడించెను. నేటి మంచి ప్రాసెసరులలోని గ్రాఫిక్సు, మెరుగులు తగ్గించుకొనిన యెడల 1080పీ తెరపై పెక్కు ఆటలకు చాలును. 4కే తెరపై సకల హంగులతో ఆడగోరువానికి కార్డు నేటికిని తప్పదు.

2025లో ఏఎమ్‌డీ రైజెన్ ఏఐ మ్యాక్స్ శ్రేణితో మెమరీ దారిని 256 బిట్లకు పెంచి, సెకనుకు 256 గిగాబైట్ల వేగమును సాధించినది. అంతటి వేగమునకై ఆ మెమరీని బోర్డుకు శాశ్వతముగా అతికింపవలసి వచ్చినందున, పిదప ర్యామ్ పెంచుకొను సదుపాయము లేక, కొనునాడే ఎంత కావలయునో నిశ్చయించుకొని, దానికి తగిన మూల్యమును ఒక్కసారిగా చెల్లింపవలసియున్నది.