కుషిరో నది

జపాన్ ఉత్తర దీవి హొక్కైడో తూర్పు భాగంలో ప్రవహించే నది. పొడవు 154 కిలోమీటర్లు. అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన కుష్షారో సరస్సులో పుట్టి, తెషికాగా, షిబెచా పట్టణాల మీదుగా దక్షిణంగా సాగి, కుషిరో నగరం వద్ద పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది.

నది కన్నా దాని దిగువనున్న చిత్తడి నేలకే పేరెక్కువ. సుమారు 6,000 ఏళ్ల కిందట ఇది సముద్రపు పాయ. ఉప్పునీరు వెనక్కి తగ్గాక రెల్లు, తుంగ, నాచు చలికి పూర్తిగా కుళ్లక పొరలు పొరలుగా పేరుకుని పీట్ నేల అయింది. జపాన్‌లో ఇంత పెద్ద చిత్తడి నేల మరొకటి లేదు. అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు ఆ దేశం నుంచి ఎక్కిన తొలి ప్రాంతం ఇదే (1980). 1987లో జాతీయ వనమైంది. నెత్తిన ఎర్రమచ్చ ఉండే తాంచో సారసాలు వేట వల్ల అంతరించాయనుకుంటున్న రోజుల్లో, 1924లో, కొన్ని ఇక్కడ బయటపడ్డాయి. అవి నిలబడటంలో చలికాలంలో మొక్కజొన్న గింజలు చల్లిన స్థానిక రైతుల పాత్ర చిన్నది కాదు. సాల్మన్ జాతికి చెందిన భారీ చేప ఇతో, సైబీరియా సాలమాండర్ కూడా ఈ పరీవాహకంలో ఉన్నాయి.

1920 నాటి వరద తరువాత నగరం వద్ద కొత్త పాయ తవ్వారు. ఆపైన పొలాల కోసం నది వంపులను తిన్నగా చేశారు. దాంతో ఒండ్రు చిత్తడిలోకి చేరి, రెల్లు స్థానంలో ఆల్డర్ చెట్లు అల్లుకున్నాయి. కయనుమా ప్రాంతంలో పాత వంపును పునరుద్ధరించి 2010లో నీరు మళ్లించారు.