మూడు ఫేజులూ వస్తున్నాయా?

2007 సంక్రాంతికి ఊరెళ్తూ మా మేనల్లుడి కోసం ఓ కంప్యూటర్‌ని విడిభాగాలుగా పట్టుకెళ్లాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అంతా తిరిగి బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో బేరమాడి కొన్నవి. మాది నూజెండ్ల. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా.

వసారాలో చాప పరిచి అన్నీ బిగించి స్విచ్ నొక్కాను. లైటు వెలిగింది, ఫ్యాన్లు తిరిగాయి. మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది. ర్యామ్ తీసి కాళ్లు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. కేబుళ్లు మార్చాను. ఊహూఁ. అప్పటికి సగం వీధి పోగయింది. "సాఫ్ట్‌వేర్ ఇంజనీరంట గదా" అని వెనకనించి ఎవరో అననే అన్నారు. "బస్సు కుదుపులకి ఏదో అయ్యుంటదిలే" అని అమ్మ నన్ను కాయబోయింది. మేనల్లుడి మొహం చూడలేకపోయాను.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది: అసలది ఒక్క బీప్ కూడా చెయ్యలేదేంటి? లేచి చూస్తే క్యాబినెట్‌లో స్పీకరే లేదు. చెప్పడానికి నోరే లేని యంత్రాన్ని పొద్దుట్నించీ నేను ప్రశ్నలడుగుతున్నానన్నమాట!

ఆ బీప్ వెనక పెద్ద చరిత్రే ఉంది. కంప్యూటర్ మొదలవ్వాలంటే ప్రోగ్రామ్ కావాలి, ప్రోగ్రామ్ లోడ్ అవ్వాలంటే కంప్యూటర్ అప్పటికే మొదలై ఉండాలి. కోడి ముందా గుడ్డు ముందా లాంటి ఈ చిక్కుని 1949లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌శాక్ కట్టినవాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే స్విచ్చుల మీద 31 ఆదేశాలు శాశ్వతంగా వైరింగ్ చేసి విప్పారు. ఆ ఆదేశాలు రాసింది డేవిడ్ వీలర్.

మన దగ్గర 1960లో బొంబాయిలో టిఫ్రాక్ పనిలోకొచ్చింది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది, దాన్ని నిలబెట్టింది మన అయ్యగారి సాంబశివరావు గారు. 1969లో టీడీసీ-12 వచ్చింది. అప్పటి యంత్రం మొండికేస్తే పక్కనే దాన్ని కట్టిన ఇంజనీర్లుండేవారు. యంత్రం తన జబ్బు తను చెప్పుకోవాల్సిన అవసరం అంతగా లేదు.

1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 కిట్ రూపంలో వచ్చేసరికి కథ మారింది. కొన్నవాడే ఇంట్లో కూచుని సోల్డరింగ్ చేసుకోవాలి. కీబోర్డు లేదు, తెర లేదు, ముందు భాగంలో స్విచ్చులూ చిన్న లైట్లూ అంతే. తప్పు ఎక్కడుందో ఆ లైట్లు చూసి ఊహించుకోవాల్సిందే. కొత్తగా బిగించిన కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూచోవడం అనే మన సంప్రదాయం మొదలైంది బహుశా అక్కడే.

అసలు మలుపు 1981 ఆగస్టు 12న వచ్చిన ఐబీఎం పీసీ. దాని రోమ్‌లో 8 కిలోబైట్ల బయాస్ ఉండేది. కరెంటు రాగానే అది చేసే మొదటి పని ఎవర్నీ నమ్మకపోవడం. ముందు ప్రాసెసర్ తన రిజిస్టర్లని పరీక్షించుకుంటుంది. తర్వాత రోమ్ చెక్‌సమ్. ఆ తర్వాత మొదటి 16 కిలోబైట్ల మెమరీ. మెమరీ మంచిదో కాదో ఇంకా తెలీదు కాబట్టి అందాకా స్టాక్ కూడా వాడదు, తిరిగి రావాల్సిన చిరునామాలు రోమ్‌లోనే ముందే రాసిపెట్టి ఉంటాయి. ఈ కోడంతా ఐబీఎం తన మాన్యువల్లో అచ్చేసింది కూడా. అంతా బాగుంటే ఒక చిన్న బీప్. తెర దగ్గర తేడా వస్తే ఒక పొడుగు, రెండు పొట్టి. తెర పనిచేస్తుంటే అంకె: 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డు. 1984 నాటి పీసీ ఏటీ ఇంకో అడుగేసి, పరీక్షలో ఏ మెట్టు మీదుందో 80హెచ్ అనే పోర్టుకి రాసేది. రిపేరు షాపుల్లో రెండంకెలు చూపించే పోస్ట్ కార్డు చదివేది దాన్నే. తర్వాత అవార్డ్, ఏఎంఐ వాళ్లు ఎవరి బీపుల భాష వాళ్లు తయారుచేసుకున్నారు.

సరే, నా కథకొస్తాను. పొద్దున్నే ఓ పాత క్యాబినెట్ నించి స్పీకర్ ఊడబీకి తగిలించాను. ర్యామ్ మొత్తం తీసేసి స్విచ్ నొక్కాను. ర్యామ్ లేకపోతే గోల చెయ్యాలి. నిశ్శబ్దం. అంటే పరీక్ష పెట్టాల్సిన ప్రాసెసరే నిద్ర లేవలేదన్నమాట. బోర్డు పోయిందనే అనుకున్నా.

బోరు మోటార్లు బాగుచేసే మా బాబాయి వరసాయన అటుగా వచ్చి కాసేపు చూసి, "ఏరా, కరెంటు అన్ని చోట్లకీ వస్తందా? మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మూలుగుద్దిగానీ తిరగదు గదా" అన్నాడు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయిగా బాబాయ్ అనబోయి ఆగిపోయాను. 2000లో పెంటియం 4 వచ్చిన కాలంలోనే ప్రాసెసర్ ఆకలి పెరిగి, దానికి 12 వోల్టులు విడిగా ఇచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్ కూడా వచ్చింది. పెద్ద కనెక్టర్ ఒక్కటే పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రాసెసర్ లేవదు. నా నాలుగు పిన్నుల వైరు ఎస్ఎంపీఎస్ కింద మడతపడి ఉంది. పెట్టాను. ర్యామ్ కూడా పెట్టి నొక్కాను. ఒక చిన్న బీప్. మేనల్లుడు ఎగిరి గంతేశాడు.

ఇప్పటి చాలా బోర్డుల మీద ప్రాసెసర్, మెమరీ, వీడియో, బూట్ అని నాలుగు లైట్లుంటాయి, స్పీకర్ మాత్రం దాదాపు మాయమైంది. నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. మనం రాసే సర్వీసులు మొదలవ్వకుండానే చచ్చిపోయినప్పుడు లాగ్ ఫైల్ ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే కాన్ఫిగ్ చదివాక గానీ లాగర్ లేవదు. 1981లో 8 కిలోబైట్లలో ఇరుక్కుని రాసినవాళ్లు, ఏదీ పనిచెయ్యనప్పుడు కూడా పనిచేసే ఒక్క గొంతుని ముందుగా పెట్టుకున్నారు. మనకి గిగాబైట్లున్నాయి.

ఆ తర్వాత అర్ధరాత్రి ప్రొడక్షన్ కాల్ ఎప్పుడొచ్చినా నేనడిగే మొదటి ప్రశ్న బాబాయిదే.