పక్కన కూర్చుని చెప్పే మాట

సలహా చెప్పడమంత చవకైన పని లోకంలో మరొకటి లేదు. ఖర్చు లేదు, శ్రమ లేదు, వినేవాళ్ళు దొరికితే చాలు. పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో చూడండి, వచ్చిన ప్రతి చుట్టమూ ఓ సలహా పారేసి, కాఫీ తాగి మరీ వెళతాడు. భక్తి విషయంలో ఈ ధారాళం మరీ ఎక్కువ. "నీ విశ్వాసం చాల్లేదమ్మా" అని ఒక్క మాట అనేసి లేచిపోయేవాళ్ళని మా పటాన్‌చెరు వైపు ప్రార్థన కూటాల్లో చాలామందినే చూశాను. ఆ మాట విన్న మనిషికి ఆ రాత్రి నిద్రపడుతుందా లేదా అన్నది వాళ్ళకి పట్టదు.

సాటి విశ్వాసికి ధైర్యం చెప్పడం, బుద్ధి చెప్పడం క్రైస్తవులకు మొదటినుంచీ ఉన్న అలవాటే. క్రీస్తుశకం 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీక ఊరివాళ్ళకి రాసిన ఉత్తరం కొత్త నిబంధనలోని పాత రాతల్లో ఒకటి. పౌలు డేరాలు కుట్టి బతికినవాడు. మీకు భారం కాకూడదని రాత్రింబవళ్ళు పనిచేశానని ఆ ఉత్తరంలోనే గుర్తుచేస్తాడు. క్రమం తప్పినవాళ్ళని మందలించమంటాడు. గుండె జారినవాళ్ళకి ధైర్యం చెప్పమంటాడు. బలహీనులకి ఊతమిమ్మంటాడు. ఓర్పు మాత్రం అందరిమీదా చూపమంటాడు. ఎవరి జబ్బుకి వారి మందు అన్నమాట! మనం చేసే పొరపాటల్లా మందు చీటీలు తారుమారు చెయ్యడమే. గుండె జారినవాళ్ళకి మందలింపు పోస్తాం. మందలించవలసినవాడు కాస్త డబ్బున్నవాడైతే ధైర్యం చెప్పి వస్తాం.

మన తెలుగునేలమీద ఈ మందు సరిగ్గా వాడినవాళ్ళు లేకపోలేదు. 1853లో నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ని ఎత్తేద్దామా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడ్డారు. అన్నేళ్ళ పనికి కలిసొచ్చినవాళ్ళు మరీ కొద్దిమంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండమీద ఐదుగురు మోకరించి ప్రార్థన చేశారు. జ్యూయెట్ దొర, ఆయన భార్య, నరసు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు! ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి అంతకంటే పెద్ద సభ అక్కర్లేకపోయింది.

తర్వాత 1876-78లో మహా కరువు వచ్చింది. అప్పటికి ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి పని చూపించాడు. తెలుగు బోధకులే పని అజమాయిషీ చేస్తూ, విశ్రాంతివేళ కూలీల మధ్య కూర్చుని ఓదార్పు మాటలు చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళని మాత్రం కరువు తీరేదాకా ఆగమన్నారు. మెతుకుల కోసం మతం మారారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు పని, పక్కన కూర్చోవడం, మాట. మిగతాదంతా ఆ తర్వాతే.

ఇక మా వైపుకి వస్తాను. 2016లో జిల్లాలు విడిపోయేదాకా సంగారెడ్డి మెదక్ జిల్లాకి ముఖ్యపట్టణం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్ చేరాడు. ఆయన కట్టించిన పెద్ద గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. 2024 క్రిస్మస్‌తో దానికి నూరేళ్ళు నిండాయి. 175 అడుగుల గోపురాన్ని అందరూ తలెత్తి చూస్తారు. ఆ గుడికి వచ్చినవాళ్ళు మాత్రం ఎక్కువమంది ఊరికి దూరంగా ఉన్న మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళు. పక్కన కూర్చోనివ్వని లోకంలో ఒకరు వచ్చి పక్కన కూర్చోవడమే వాళ్ళకి సగం సువార్త.

ఇల్లిల్లూ తిరిగి ఆ పక్కన కూర్చున్నవాళ్ళు బైబిల్ ఉమన్లు. ఈ పద్ధతి లండన్లో 1857లో ఎలెన్ ర్యాన్యార్డ్ అనే ఆవిడ మొదలుపెట్టింది. బీదపేటల్లోకి దొరసానుల్ని కాక, ఆ పేటల్లోని ఆడవాళ్ళనే పంపింది. ఎంత తెలివైన పని! అత్తపోరు, అప్పు, చంటిబిడ్డ జ్వరం తెలిసినావిడ చెప్పే మాటకీ, కుర్చీలోంచి దిగని మాటకీ తేడా మనకి తెలియనిదా? అటువంటి తల్లులు ఎందరివో పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఇప్పుడు ఇస్నాపూర్, పాశమైలారం వైపు గదులు అద్దెకి తీసుకుని, ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. ఆదివారం కూడా డ్యూటీ ఉంటే మంగళవారం సాయంత్రం ప్రార్థన పెట్టుకుంటారు. కాంట్రాక్టు పోయి భర్త ఇంట్లో కూర్చున్న ఇల్లాలికి అక్కడ వాక్యాలు చెప్పేవాళ్ళకి కొదవ లేదు. కాని తెల్లారి ఆమెతో ఈఎస్ఐ ఆసుపత్రి క్యూలో నిలబడే మనిషి కావాలి. ఆ నిలబడ్డావిడ ఒక మాట మెల్లగా మందలించినా చెల్లుతుంది. ఎప్పుడైనా మీ నోటికి సలహా వస్తే, ముందు అవతలి మనిషి అన్నం తిన్నదో లేదో కనుక్కోండి. సలహా ఆ తర్వాత చెప్పినా మించిపోయేదేమీ లేదు.